అప్‌డేట్: హైవే గోడ వెంట మొక్కలు పెట్టినం

కాజీపేట దాటాక హైదరాబాద్ హైవేను ఆనుకున్న మా కాలనీ గోడ వెంట ఏం మొక్కలు పెట్టాలి, లారీల మోత తగ్గుతదా అని వానలకు ముందు అడిగిన. జవాబు చెప్పిన అందరికీ దండాలు.

మోత విషయంలో మీరన్నదే నిజం. శబ్దాన్ని ఆపేది గోడే, ఒక్క వరుస మొక్కలతో పెద్ద తేడా రాదు. కానీ ఆకుల మీద పేరుకున్న దుమ్ము చూస్తే, ఇన్నేళ్లూ ఇదంతా మా ఇండ్లల్లకే వచ్చింది కదా అనిపిస్తది.

కష్టమంతా గుంతల దగ్గరే. గడ్డపార దిగితే చాలు, కంకర, సిమెంటు పెళ్లలు. అవి ఎత్తిపోసి చెరువు మట్టి, పశువుల ఎరువు నింపినం. వాడకట్టు ఆడవాళ్లు లేకపోతే ఈ పని అయ్యేది కాదు.

రోడ్ల పక్కన పెంచే కోనోకార్పస్ చెట్టుతో ఎలర్జీలు వస్తయంటరని దాని జోలికి పోలేదు. గన్నేరును మేకలు ముట్టవు గానీ విషం, పిల్లలు ఆడే చోటని వదిలేసినం. గోడకు ఎడంగా కానుగ, దగ్గరగా రాధామనోహరం, కాగితం పూలు. రాధామనోహరం గోడను తానై పట్టుకోదు, మేకులు కొట్టి జీఐ తీగ (తుప్పు పట్టకుండ జింకు పూత వేసిన ఇనుప తీగ) లాగినం. ఇప్పుడు లేత కొసలు తీగను చుట్టుకొని పైకి పోతున్నయ్. మేకలకు అడ్డంగా తుమ్మకంప వేసినం.

ఎండాకాలానికి మొక్క పక్కన కుండ పాతి నీళ్లు నింపాలని ఆలోచన. చేసినవాళ్లుంటే ఎంత లోతు పాతాలో, మొక్కకు ఎంత దూరంలో పెట్టాలో చెప్పండి.