పోటీ కంపెనీలో ఉన్న దోస్తుకు బేరింగు సంగతులు చెప్పొచ్చా?

హన్మకొండ తమ్ముడు:
ఇంజన్ బేరింగులు తయారుచేసే కంపెనీలో మెటీరియల్స్ ఇంజనీరుని. సద్దుల బతుకమ్మకు ఇంటికొస్తే వేయిస్తంభాల గుడి దగ్గర నా క్లాస్‌మేట్ కలిశాడు. మా పోటీ కంపెనీలో వాడిదీ ఇదే పని. సీసం లేని షెల్స్ (ఇంజన్ షాఫ్టు తిరిగే సగం గుండ్రటి బేరింగు రేకులు) సిగ్నల్ దగ్గర ఇంజన్ తానే ఆగి మొదలయ్యే స్టార్ట్-స్టాప్ బండ్లలో తొందరగా అరిగిపోతున్నాయని తల పట్టుకున్నాడు. ఇంజన్ ఆగి మొదలైనప్పుడల్లా ఆయిల్ పొర తెగి లోహం లోహాన్ని రాసుకుంటుంది. ఆ తిప్పలు మేమూ పడ్డాం. "బిస్మత్ పూత ఒక్కటే నమ్ముకోకు, పాలిమర్ పూత చూడు" అన్నాను. బిస్మత్ ఒక లోహం, పాలిమర్ ప్లాస్టిక్ లాంటిది. ఆ రాత్రి నుంచి ఒకటే టెన్షన్. తప్పు చేశానా?

కాజీపేట అన్న:
తప్పే తమ్ముడూ. చేరిన రోజు రహస్యాలు బయటపెట్టనని సంతకం పెట్టి ఉంటావు. మీ వాళ్లు టెస్ట్ బెంచ్ మీద వందల గంటలు ఇంజన్లు నడిపి తెలుసుకున్నది వాడికి ఒక్క మాటలో అందింది. పని చేసుకోకుండా కట్టేసే ఒప్పందాలు చెల్లవనే 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ నువ్వు పోటీ కంపెనీకి మారినా అడ్డు రానివ్వదేమో గానీ, గుట్టు చెప్పినందుకు నిన్ను కాపాడదు.

ములుగు రోడ్డు షెడ్డు:
నేను ఒప్పుకోను అన్నా. పోయిన నెల నర్సంపేట నుంచి ఒక ట్రాక్టర్ వచ్చింది, ఇంజన్‌లో కడకడ శబ్దం. ఆయిల్ ఛాంబర్ విప్పి చూస్తే రాడ్ బేరింగు షెల్ మీద బూడిద రంగు పూత పోయి రాగి ఎర్రగా తేలింది. గోరుతో రాస్తే గీతలు తగులుతున్నాయి. వెంట్రుక కన్నా పలుచని పూత అది. క్రాంక్ షాఫ్టును అరగదీయించి, దానికి సరిపోయే పది థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) అండర్‌సైజ్ షెల్స్ వేశాం. పత్తి సీజన్‌లో ఆ రైతుకు వారం పోయింది. ఏ పూత ఎందుకు పోతుందో రెండు కంపెనీలకూ తెలిసి ఇద్దరూ దాచుకుంటే, నష్టం మోసేది ఆ రైతే.

అమెరికాలో ఈఎండీ అనే కంపెనీ రైలింజన్లలో పిస్టన్ పిన్ను బేరింగుకు వెండి వాడారు. మామూలు డీజిల్ ఆయిల్‌లో కలిపే జింకు మందు ఆ వెండిని తినేస్తుంది. ఆ సంగతి ఆయిల్ కంపెనీలకు తెలిసింది కాబట్టే వాటికి జింకు లేని ఆయిల్ వేరేగా తయారైంది. దాచి ఉంటే ఎన్ని ఇంజన్లు పోయేవో!

అయితే అన్నీ చెప్పమనను. మా బాపు పాత బావి ఇంజన్లకు వైట్ మెటల్ పోసేవాడు. తగరం, యాంటిమొనీ, రాగి పాళ్లు పుస్తకాల్లోనే ఉంటాయి. 1839లో ఐజాక్ బాబిట్ కనిపెట్టినప్పటి నుంచి అందరూ పోస్తున్నదే. కరిగిన లోహంలో చెక్కపుల్ల ముంచి, అది మాడే రంగు చూసి బాపు వేడి చెప్పేవాడు. ఆ చేతి పని ఆయన అన్నం. అది పక్క షెడ్డుకు చెప్పమంటే నేనూ కొట్లాడతా.

కాజీపేట అన్న:
ఏది పోయిందో చెప్పడం వేరు, ఏది నిలిచిందో చెప్పడం వేరు. తమ్ముడు రెండోది కూడా చెప్పాడు. నాకు నచ్చనిది అదే.

హన్మకొండ తమ్ముడు:
యూరప్ కొత్త కార్లలో 2011 జూలై నుంచి సీసం షెల్స్ బంద్. పాలిమర్ పూతల గురించి అప్పటి నుంచీ పేటెంట్లలో, కేటలాగుల్లో ఉన్నదే. ఏ రెజిన్ (పూతను పట్టి ఉంచే బంక లాంటిది), అందులో ఏ రేణువులు, ఎంత వేడిలో కాల్చాలి అన్నది నేను చెప్పలేదు. అయినా అన్న మాట గుచ్చుకుంది. సోమవారం మా మేనేజర్‌కు జరిగింది జరిగినట్టు నేనే చెప్తా. అరిగిన షెల్స్ ఫొటోలు రెండు కంపెనీలూ కూర్చుని చూసే వీలుందా అని కూడా అడుగుతా.