జిమ్‌కి పోతున్నా ఒళ్లు రావట్లేదు: అన్నం పెంచాలా, మానాలా?

కావలి కుర్రాడు

అన్నలకీ అక్కలకీ నమస్తే. వయసు 22, ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు, బరువు 56 కేజీలు. కావలిలో మొబైల్ రిపేరు షాపులో కూర్చుని చేసే పని. తెల్లారి ఆరింటికి జిమ్‌కి పోతున్నా. కొన్ని నెలలైంది, చేతులు కాస్త గట్టిపడ్డాయి గానీ కాటా మీద ముల్లు కదలదు.

జిమ్‌లో ఒకాయన అన్నం మానేసి చపాతీ, చికెన్ తినమంటాడు. ఇంకొకాయన కార్బ్స్ (పిండి పదార్థాలు) లేకుండా కండ రాదు, అన్నం కుమ్మెయ్ అంటాడు. మా అమ్మ ఈ రెండో ఆయన పార్టీ. నా టెన్షన్ ఏంటంటే మా నాన్నకి షుగర్ ఉంది. అన్నం పెంచితే పొట్ట వస్తుందా? నాకూ షుగర్ వస్తుందా? నేను బాగానే తింటాను. నెలకి మూడు వేలకి మించి అదనంగా పెట్టలేను. నాన్‌వెజ్ తింటాం.

చీమకుర్తి నుంచి

అన్నం మానేయడమే మంచిది బ్రో. రాగి సంకటి, సజ్జ రొట్టె తిను. పాతకాలం వాళ్లు అవి తినే రాళ్లు మోశారు.

దర్గామిట్ట అన్న

తమ్ముడూ, "బాగానే తింటాను" అని రాశావు, ఎంత తింటున్నావో రాయలేదు. సన్నగా ఉన్నవాళ్లు ఎవరినడిగినా ఇదే మాట. ఆదివారం పలావు రెండు సార్లు వడ్డించుకున్నది గుర్తుంటుంది, సోమవారం షాపులో పని ఎక్కువై మధ్యాహ్నం రెండు టీలతో సరిపెట్టుకున్నది గుర్తుండదు. అందుకని ముందు లెక్క చూద్దాం.

నీ వయసుకీ, ఎత్తుకీ, కూర్చుని చేసే పనికీ, జిమ్‌కీ కలిపి రోజుకి సుమారు 2,300 నుంచి 2,400 క్యాలరీలు అయితే ఉన్న బరువు ఉన్నట్టే ఉంటుంది. పెరగాలంటే దాని మీద 300 నుంచి 400 పడాలి. అంటే 2,700 అనుకో. ఇందులో ప్రోటీన్ 100 గ్రాములు, అది 400 క్యాలరీలు. నూనె, నెయ్యి, పాలు, వేరుశనగల్లో ఉండే కొవ్వు అన్నీ కలిపి 70, 75 గ్రాములు, అది 650 పైచిలుకు. మిగిలిందంతా కార్బ్స్‌తో నింపాలి, 400 గ్రాములు వస్తుంది. నీ బరువుకి కేజీకి ఏడు గ్రాములు. ఇదే హై కార్బ్ అంటే. బరువులెత్తేవాళ్లకి మామూలుగా చెప్పే 4 నుంచి 7 గ్రాముల్లో పై అంచు ఇది.

400 గ్రాములు అన్నంతో ఎంత దూరం వస్తుందో చూడు. వంద గ్రాముల బియ్యంలో 78 గ్రాముల దాకా కార్బ్స్, 350 క్యాలరీలు, ఏడెనిమిది గ్రాముల ప్రోటీన్ ఉంటాయి. రోజుకి పావు కేజీ బియ్యం తింటే 195 గ్రాములు అయిపోయాయి, సగం పని తీరింది. మిగతా సగం ఇడ్లీ దోసెలు, మూడు అరటిపండ్లు, అర లీటరు పాలు, పప్పు చూసుకుంటాయి. మొలగొలుకుల బియ్యం పండిన జిల్లాలో ఉండి అన్నం మానేసి బలం ఎక్కడ వెతుక్కుంటాం?

ఇక చాలామంది తప్పేది కొలత దగ్గర. కిరాణా కొట్టులో సరిగ్గా పావు కేజీ బియ్యం తూయించుకో. ఇంట్లో ఒక స్టీలు గ్లాసులో పోసి, ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ మేకుతో గీత గీయి. పొంగుతూ పోయేంత అయితే పెద్ద గ్లాసు తీసుకో. ఇంట్లో నలుగురికీ కుక్కర్లో కలిపి వండుతారు గాబట్టి ఒక్కరోజు మాత్రం నీ పావు కేజీ వేరే గిన్నెలో అత్తెసరు పెట్టమను. ఉడికాక 650 నుంచి 750 గ్రాముల అన్నం అవుతుంది, నీళ్లని బట్టి. అది అన్నం హస్తంతో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టు. రేపట్నుంచి అందరి గిన్నెలోంచే అన్ని హస్తాలు, మధ్యాహ్నం సగం, రాత్రి సగం. అంతే, మళ్లీ కాటా అక్కర్లేదు. నీళ్లు ఎక్కువైన రోజు అన్నం మెత్తగా, బరువుగా ఉంటుంది, ఒక హస్తం ఎక్కువ వేసుకో.

చీమకుర్తి బ్రో చెప్పిన సంకటి మంచిదే, ఒక పూట తిను. కానీ పీచు ఎక్కువ, రెండు ముద్దలకే కడుపు నిండిపోతుంది. సన్నబడేవాడికి అది వరం. నీకు కావలసింది తిన్న గంటన్నరకి మళ్లీ ఆకలి వేయడం. ఈ ఒక్క విషయంలో తెల్లన్నమే నీ మనిషి.

ఒంగోలు ల్యాబ్ అక్క

నాన్నగారికి షుగర్ అన్నావు కదా, ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. మొదలుపెట్టే ముందు ఒకసారి పరగడుపున షుగర్, హెచ్‌బీఏ1సీ చేయించుకో నాన్నా. పరగడుపున 100 లోపు, హెచ్‌బీఏ1సీ 5.7 లోపు ఉంటే నార్మల్. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ గుమ్మం దగ్గర నిలబడ్డట్టే, అప్పుడు ఈ 400 గ్రాముల లెక్క డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకు. 6.5 నుంచి పైనున్నది షుగర్. షుగర్ నెలల తరబడి ఎలా ఉందో హెచ్‌బీఏ1సీ పరీక్ష చెబుతుంది కాబట్టి దానికి ముందురోజు ఏం తిన్నా పెద్దగా తేడా పడదు.

అన్నం తిన్నంత మాత్రాన షుగర్ రాదు. వంశంలో ఉండి, పొట్ట పెరిగి, కండ లేక, కదలిక లేకపోతే వచ్చే అవకాశం పెరుగుతుంది. తిన్న గ్లూకోజులో ఎక్కువ భాగాన్ని లాక్కునేది కండే, కాబట్టి నీ బరువులు ఆ వైపు నీకు మేలే చేస్తున్నాయి. నడుం బొడ్డు దగ్గర టేపుతో కొలుచుకుంటూ ఉండు. మనవాళ్లలో మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటకూడదు అంటారు. నువ్వు ఆ దరిదాపుల్లో కూడా ఉండవులే. ఇంకోటి, నీ కోసం అన్నం గిన్నె పెరిగింది కదా అని నాన్నగారి కంచంలో పెరగకూడదు. అది మీ అమ్మగారికి చెప్పు.

కావలి కుర్రాడు

థాంక్స్ అక్కా, రేపే చేయిస్తా. అన్నా, మరి ప్రోటీన్ 100 గ్రాములు ఎట్లా? ప్రోటీన్ పొడి డబ్బా కొనాలా? జిమ్‌లో మాస్ గెయినర్ అని బరువు పెంచే పొడి అమ్ముతున్నారు.

దర్గామిట్ట అన్న

డబ్బా వెనక్కి తిప్పి చదువు. ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాయాలన్నది రూలు. గెయినర్లు చాలావాటిలో మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్ అని ఉంటుంది. అది పిండి పదార్థమే, నీ ఇంట్లో బస్తాలో ఉన్నదానికి బంధువు. వేల రూపాయలు పోసి ఆ పిండి కొనడం దేనికి?

ప్రోటీన్ లెక్క: బియ్యంలో 19, ఇడ్లీ దోసెల్లో 9, నాలుగు గుడ్లు 24, అర లీటరు పాలు 16, యాభై గ్రాముల కందిపప్పు 11, గుప్పెడు వేరుశనగలు 7, కప్పు పెరుగు 6. కూడితే 92 అయింది. చేపో చికెనో వంద గ్రాములు పడిన రోజు 110 దాటుతుంది. కేజీ బరువుకి 1.6 గ్రాములు ఉంటే చాలు, నీకు 90. ఎక్కువ అవసరం లేదు.

నువ్వు కావలిలో ఉన్నావు, చేపల రేవు జువ్వలదిన్నె పక్కనే. వంజరం, చందువా లాంటి ఖరీదైన చేపలు కొనక్కర్లేదు. కవళ్లు, కానాగంతలు తీసుకో, ప్రోటీన్ తక్కువేం కాదు. చేపల పులుసు అయితే ఇంకా మంచిది, ఆ పులుసుతో అన్నం ఎంత పోతుందో నెల్లూరోళ్లకి నేను చెప్పాలా! నీ హస్తాల లెక్క ఆ రోజు కష్టపడకుండానే పూర్తవుతుంది.

తినలేకపోతే తాగు. మూడొందల మిల్లీలీటర్ల పాలు, రెండు అరటిపండ్లు, ముప్పై గ్రాముల వేయించిన వేరుశనగలు, గుప్పెడు నానిన అటుకులు, చిన్న బెల్లం ముక్క మిక్సీలో వెయ్యి. ఏడు వందల క్యాలరీలు, ఇరవై గ్రాముల ప్రోటీన్. షాపులో పదకొండు గంటలకి ఇది తాగితే మధ్యాహ్నం భోజనానికి అడ్డం రాదు. గేదె పాలు పడక కడుపుబ్బరం వస్తే పాల బదులు పెరుగుతో చెయ్యి.

పొద్దున జిమ్‌కి వెళ్లే ముందు ఒక అరటిపండు చాలు. వచ్చాక ఇడ్లీలు, గుడ్లు. జిమ్ అయిన అరగంటలో తినకపోతే వేస్ట్ అని ఎవరైనా అంటే పట్టించుకోకు, రోజంతా కలిపి ఎంత పడింది అన్నదే లెక్క.

కందుకూరు మెడికల్ షాపు

ఒక మాట గట్టిగా చెప్పి పోతాను. లావు కావడానికి అని పేరు లేని కవర్లో మాత్రలు ఇచ్చేవాళ్లు ఉంటారు. చీటీ లేకుండా అడిగేవాళ్లు మా కౌంటర్ దగ్గరికీ వస్తారు. వాటిలో సాధారణంగా ఉండేవి రెండు. ఒకటి డెక్సామెథసోన్, స్టెరాయిడ్. ఆకలి పెరుగుతుంది, మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, ఒంట్లో నీరు చేరుతుంది, బీపీ, షుగర్ పెరుగుతాయి. అసలు విచిత్రం ఏంటంటే ఈ రకం స్టెరాయిడ్ కండని కరిగిస్తుంది. అంటే నువ్వు జిమ్‌లో చేసిందాన్ని అది లోపల్నుంచి తీసేస్తూ ఉంటుంది, కాటా మాత్రం సంతోషపెడుతుంది. రెండోది సైప్రోహెప్టడిన్, అలర్జీ మందు, ఆకలి పెంచుతుంది, నిద్రమత్తు తెస్తుంది.

మీ ఇంట్లో షుగర్ ఉంది కాబట్టి మొదటిదాని జోలికి అసలు పోకు. ఎవరైనా ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా ఆపేయడం కూడా ప్రమాదమే, డాక్టర్ దగ్గరికి వెళ్లి మెల్లగా తగ్గించుకోవాలి.

సింగరాయకొండ నుంచి

తిండి సంగతి సరే, ఎత్తుతున్నది ఏంటో చెప్పలేదు. రోజూ బైసెప్సేనా?

కావలి కుర్రాడు

దాదాపు అంతే అన్నా. బైసెప్స్, చెస్ట్. కాళ్లు ఎప్పుడన్నా.

సింగరాయకొండ నుంచి

అక్కడే పోతోంది. కాళ్లు, వీపు వదిలేసి పావు కేజీ బియ్యం తింటే అది ఎక్కడికి పోవాలి? వారానికి మూడు రోజులు చాలు. స్క్వాట్, బెంచ్ ప్రెస్, రోయింగ్, డెడ్‌లిఫ్ట్, ఓవర్‌హెడ్ ప్రెస్, వీటి చుట్టూ పెట్టుకో. ఒక్కో సెట్టుకి ఆరు నుంచి పన్నెండు రెప్స్, అంటే ఆపకుండా అన్నిసార్లు ఎత్తడం, పెద్ద సెట్ల మధ్య రెండు మూడు నిమిషాలు ఆగు, ఆ టైంలో ఫోన్ కాకుండా పుస్తకం తీసి ఎంత ఎత్తావో రాసుకో. పన్నెండు తేలిగ్గా వచ్చాయంటే వచ్చేసారి రెండున్నర కేజీలు పెంచు. డెడ్‌లిఫ్ట్ తెలిసినవాళ్ల ముందు నేర్చుకుని చెయ్యి, వీడియో చూసి కాదు. రేకుల షెడ్డు జిమ్ అయితే మే నెలలో ఉప్పేసిన మజ్జిగ సీసా పక్కన ఉండాలి.

దర్గామిట్ట అన్న

పొట్ట గురించి అడిగావు, మర్చిపోయాను. మొదటి రెండు వారాల్లో కిలో, కిలోన్నర గబుక్కున పెరగొచ్చు. సంబరపడకు, భయపడకు. కార్బ్స్ పెరిగినప్పుడు అవి కండలో గ్లైకోజన్ అనే రూపంలో నిల్వ అవుతాయి, దానికి ఒక్కో గ్రాముకి మూడు గ్రాముల దాకా నీళ్లు తోడుంటాయి. ఆ తర్వాత వచ్చేదే లెక్క. నీకు వారానికి పావు కేజీ, మహా అయితే మూడొందల గ్రాములు. పొద్దున బాత్రూంకి వెళ్లొచ్చాక వారంలో మూడు నాలుగు సార్లు తూగి సగటు తీయి, ఒక్కరోజు అంకె చూసి అన్నం మార్చకు.

రెండు వారాలు సగటు కదలకపోతే నలభై, యాభై గ్రాముల బియ్యం పెంచు, అంటే ఒకటి రెండు హస్తాలు. బరువు కంటే నడుం వేగంగా పెరుగుతుంటే అంతే తగ్గించు. సాయంత్రం స్నేహితులతో పునుగులు, బజ్జీలు తింటున్నావంటే అవి ఈ లెక్కలో లేవని గుర్తుపెట్టుకో. పొట్టలు ఎక్కువగా వాటితో వస్తాయి, నింద అన్నం మోస్తుంది.

కావలి కుర్రాడు

పునుగులు రోజూ తింటా అన్నా! సరే, వారానికి ఒకసారి చేస్తా. క్రియేటిన్ వాడొచ్చా?

దర్గామిట్ట అన్న

క్రియేటిన్ మోనోహైడ్రేట్ రోజుకి 3 నుంచి 5 గ్రాములు. బాగా పరీక్షించిన సప్లిమెంటే, కిడ్నీ సమస్య లేకపోతే ఇబ్బంది లేదు. దానికీ మొదట్లో నీటి బరువు పెరుగుతుంది. కానీ ఇప్పుడు కొనకు. ముందు గుడ్లు, పాలు రోజూ తప్పకుండా పడనివ్వు, మూడు వేలల్లో ఏమన్నా మిగిలితే అప్పుడు.

కావలి కుర్రాడు

చివరిది. శనివారం మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు. ఆ రోజు ఏం చేయాలి?

ఒంగోలు ల్యాబ్ అక్క

మా ఇంట్లో ఏ రోజూ ముట్టరు నాన్నా, దానికేం కంగారు! మీల్ మేకర్ ఎండువి యాభై గ్రాములు తీసుకుంటే పాతిక గ్రాముల ప్రోటీన్, నీ నాలుగు గుడ్లకి సరిపోయింది. దాంతో పాటు సాయంత్రం పుట్నాల పప్పు గుప్పెడు, పెరుగు ఇంకో కప్పు. మీల్ మేకర్ వాసన నచ్చదంటారు చాలామంది. మరిగే నీళ్లలో ఉప్పేసి పది నిమిషాలు ఉంచి, చల్లనీళ్లలో రెండు సార్లు కడిగి గట్టిగా పిండి, తర్వాత అల్లం వెల్లుల్లితో వేయించమను మీ అమ్మగార్ని. వాసన ఉండదు.