అడుగిడు నడుగిడదు: ‘మగుడ’నా, ‘మగుడు’నా?

గాజువాక నుంచి: నమస్కారమండీ. పాత ఎనిమిది బిట్ల గేముల ఎమ్యులేటర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చిన దగ్గర్నుంచి శబ్దం తెగి తెగి వస్తోంది. ఒక్కోసారి ఆటే నెమ్మదిస్తోంది. అది వింటుంటే గజేంద్రమోక్షంలో స్వామి వెనక పడ్డ లక్ష్మీదేవి మీద పోతన చెప్పిన కందపద్యం నోట్లో ఆడుతోంది గానీ రెండో పాదం పట్టుబడటం లేదు. “అడిగిన దను మగు... నుడువడని నడ యుడుగున్”. ఆ మధ్య అక్షరం ‘డ’నా, ‘డు’నా?

సీతమ్మధార నుంచి: ‘డ’. మగుడ అంటే తిరిగి. అడిగితే తనకి తిరిగి బదులు చెప్పడేమో అని నడక ఆపుతుంది. ‘మగుడు’ అని పాడేవాళ్లు దాన్ని మొగుడు చేసేశారు.

భీమిలి మాస్టారు: అంత తేలిగ్గా కొట్టెయ్యకండి. మా నాన్నగారు “దన మగుడు నుడువడని” అనే చదివేవారు. ఛందస్సు ఎటూ తేల్చదు. కందంలో రెండేసి పాదాలు కలిపి లెక్కపెడితే ఆరో గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో కావాలి. “డ నుడువ” అన్నా “డు నుడువ” అన్నా నలమే. యతి ‘అడిగిన’లోని అకారానికీ ‘నుడువడు + అని’లోని అకారానికీ కుదిరింది, మనం కొట్టుకుంటున్న అక్షరం జోలికే రాలేదు. ఇక మిగిలింది అర్థం. పరుగెడుతున్న భర్త వెనక పడ్డ ఇల్లాలు ‘తన మగడు’ అనుకోవడంలో ఉన్న చనువు ‘తిరిగి’లో ఎక్కడుందండీ?

సీతమ్మధార నుంచి: చనువు సరే మాస్టారూ, ‘అడిగిన’ అన్న మాటకి జోడు ‘బదులు’ కదా. అది ‘మగుడ నుడువు’లోనే ఉంది.

ఎం.వి.పి. కాలనీ నుంచి: గాజువాక తమ్ముడి రోగానికి మందు ఈ పద్యంలోనే ఉంది. ముందు వేగం చూపే అంకెని తెరమీద పెట్టుకో. అది 100 శాతం కంటే కిందికి దిగుతుంటే అది ‘నడ యుడుగు’. ప్రాసెసర్ అందుకోలేకపోతోంది. కొత్త వెర్షన్లు పాత చిప్పుల్ని ఇంకా నిక్కచ్చిగా అనుకరిస్తే పని పెరుగుతుంది. మీట నొక్కిన ఆలస్యం తగ్గించడానికి ఫ్రేముల్ని ముందే లెక్కేసే రన్-అహెడ్ ఆన్‌లో ఉంటే మరీ భారం, ఆపి చూడు. ల్యాప్‌టాప్ బ్యాటరీ పొదుపులో ఉందేమో కూడా చూడు.

అంకె 100 దగ్గరే నిలబడి కూడా శబ్దం తెగుతోందంటే అది మూడో పాదంలోని ‘తడబడ’. అమెరికా, జపాన్ మోడల్ ఎనిమిది బిట్ల నింటెండో సెకనుకి సుమారు 60.0988 ఫ్రేములు గీసేది. నీ మానిటర్ 60. గేముని తెరకి కట్టేస్తే ఆ మేరకు వెనకబడుతుంది. సెకనుకి 48,000 శాంపిళ్లు (శబ్దపు తునకలు) అడిగే సౌండ్ కార్డుకి సెకనుకి 79 శాంపిళ్ల దాకా తక్కువ పడతాయి. శబ్దాన్ని ముందుగా నిలవ ఉంచే 64 మిల్లీసెకన్ల బఫర్లో పట్టేవి 3,072. నిండుగా మొదలైనా 40 సెకన్లలోపే అడుగంటి టప్పున తెగుతుంది. డైనమిక్ రేట్ కంట్రోల్ ఆన్ చేస్తే శ్రుతిని చెవికి తెలియనంత సాగదీసి ఆ లోటు పూడుస్తుంది. అప్‌డేట్‌లో అది ఆఫ్ అయిపోయిందేమో చూడు. అప్పటికీ తగ్గకపోతే బఫర్ 128కి పెంచు.

ఇంకో మాట. “సిరికిం జెప్పడు”లో స్వామి ఆవిడ చేలాంచలాన్ని, అంటే కొంగుని, వదలకుండానే పరుగెత్తాడు. శబ్దం స్వామి, బొమ్మ లక్ష్మి. కొంగు పట్టు ఉన్నంతసేపూ ఇద్దరూ కలిసే ఉంటారు. సింక్ అంటే అదే.

భీమిలి మాస్టారు: కొంగు ఆయన చేతిలో ఉంటే ఆవిడ ఆగడం ఎలా కుదిరింది? “అడుగిడు నడుగిడదు” అన్నాడే! అందుకే నేననేది, అక్కడ ఆగింది కాళ్లు కాదు, మనసు. పద్యం మొత్తానికి రెండే గురువులు, ‘యుడుగున్’లో ఒకటి, ‘నెడలన్’లో ఒకటి. మిగతా 60 అక్షరాలూ లఘువులే. పరుగు ఆగలేదు, పాదాల చివర ఊపిరి ఆగింది. పోతన తప్ప ఇంకెవరు చెయ్యగలరండీ ఈ పని!

పెదవాల్తేరు నుంచి: కందం దగ్గర మన విశాఖవాణ్ణి మరిచిపోతే ఎలా? 1910లో ఇక్కడే పుట్టిన శ్రీశ్రీ ‘సిరిసిరిమువ్వా’ అని పిలుస్తూ కందాలు రాశాడు. ఛందో బందోబస్తుల్ని ఛట్‌ఫట్‌మని తెంచమన్న మనిషికి కందం నడక అంతగా పట్టుబడింది.

గాజువాక నుంచి: వేగం 100 దగ్గరే ఉందండీ. రేట్ కంట్రోల్ ఆఫ్‌లోనే ఉంది, ఆన్ చేశాను. చాలావరకు తగ్గింది. బాస్ ఉన్న చోట్ల ఇంకా కొంచెం చిటపటలాడుతోంది.

సీతమ్మధార నుంచి: మంచిది. ఇప్పుడు మూడో పాదం సంగతి తేల్చండి. “వెడవెడ సిడిముడి తడబడ” అని అచ్చు వేస్తున్నారు. మాట ‘చిడిముడి’ (తొట్రుపాటు) కదా? గసడదవాదేశంతో చకారం సకారమైందని నా ఊహ.

భీమిలి మాస్టారు: గసడదవాదేశానికి, అంటే క చ ట త పలు గ స డ ద వలు కావడానికి, ముందు ప్రథమా విభక్తి మాట ఉండాలి. ‘వెడవెడ’ ప్రథమ ఎలా అవుతుంది? ‘సిడిముడి’ విడిగానే ఉన్న మాట.

సీతమ్మధార నుంచి: విడిగా ఉందంటే వేరే కవి ప్రయోగం ఒక్కటి చూపించండి, ఒప్పుకుంటాను. వావిళ్ల వారి పాత ముద్రణ ఎవరింట్లోనైనా ఉంటే అష్టమస్కంధంలో ఆ పుట ఫొటో పెట్టండి. రెండో పాదం కూడా కనబడేట్టు తియ్యండి.