శరద్వర్ణన కవి చూసినదా, కావ్యం నేర్పినదా?

చర్చ ప్రారంభించిన సభ్యురాలు:
నన్నయ భారత రచన అరణ్యపర్వం చతుర్థాశ్వాసంలో, శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయింది. “శారదరాత్రులు” అని మొదలయ్యే ఆ పద్యాన్ని గోదావరి ఒడ్డున కవి కళ్లారా చూసిన దృశ్యంగానే నాకు బడిలో చెప్పారు. అది సంస్కృత కావ్యాలు అప్పగించిన శరత్తని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది. వాల్మీకి కిష్కింధాకాండలోనూ, కాళిదాసు ఋతుసంహారంలోనూ ఇదే తేటపడిన ఆకాశం, ఇదే వెన్నెల కనిపిస్తాయి. మన తీరంలోనైతే ఆశ్వయుజ కార్తికాలు తుపానుల నెలలు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్, 2018 అక్టోబరులో ఉద్దానం కొబ్బరితోటలను కూల్చిన తిత్లీ, మూడూ శరత్తులో వచ్చినవే. ఆ భయం ఛాయైనా లేని పద్యాన్ని ఈ నేల శరత్తు అని ఎలా అనగలం?

రాజమహేంద్రవరం సభ్యుడు:
మూలం దగ్గర పెట్టుకుని చదివితే మీ వాదనకు మరింత బలం దొరుకుతుంది, అయినా నేను మీతో ఏకీభవించలేను. వ్యాసభారతంలోనూ ఈ ఘట్టంలో వానాకాలం వెనుకే శరత్తు వస్తుంది. ధూళి అణగిన చల్లని రాత్రులు, చుక్కలు, చంద్రుడు, కలువలు అన్నీ అక్కడ ఉన్నాయి. నన్నయ ఆ చుక్కలను హారాలుగా గుచ్చాడు, విచ్చుకుంటున్న కలువల వాసనను గాలికి ఎత్తాడు, వెన్నెలను ఆకాశమంతా నిండిన కర్పూరపు పొడిగా చేశాడు. మూలంలో ధూళి అణగిన చోటనే తెలుగులో తెల్లని పరాగం లేచింది చూడండి! ఆ ఒక్క మార్పు కోసమే నేను ఆ పద్యాన్ని ఇన్నేళ్లుగా చదువుకుంటున్నాను. తుపాను సంగతి అంటారా, అది వెలిసిన రెండు మూడు రోజులకు డాబా మీద పడుకున్న మా ప్రాంతం వారికి వాన కడిగిన ఆకాశం ఎంత దగ్గరికి దిగుతుందో తెలుసు. భయం గడిచాక వచ్చే ఆ తేటదనం కూడా ఈ నేలదే.

న్యూజెర్సీ నుంచి ఒక సభ్యుడు:
ఒక చిన్న విషయం. ఇక్కడ అక్టోబరులో మేపుల్ ఆకులు ఎర్రబడి రాలుతుంటే మేమూ దాన్ని శరత్తనే పిలుచుకుంటున్నాం, కానీ మన ఆకురాలు కాలం శిశిరం. ఇక్కడి కవులకు ఈ ఋతువు పంట చేతికొచ్చే వేళ, ముగింపు దగ్గరపడే వేళ. మనవారికి మబ్బు విడిచే వేళ. కాబట్టి శరత్తు మీద రాసిన మాటల్లో నేల ప్రమేయం లేదనడం నాకు కష్టంగా ఉంది.

చర్చ ప్రారంభించిన సభ్యురాలు:
కర్పూరం సంగతి ఒప్పుకుంటున్నాను. మూలంతో పోల్చి చూడకపోవడం నా లోపమే. ఎఱ్ఱన విషయంలో మాత్రం నా సందేహం అలాగే ఉంది. సుమారు మూడు శతాబ్దాల తరువాత ఆ పర్వశేషాన్ని అందుకున్నప్పుడు, నన్నయ రాత్రి దగ్గర ఆపిన శరత్తును ఆయన ఎర్రని ఉదయంతో మొదలుపెట్టాడు. ఆ కూర్పులోని ఔచిత్యానికి నేనూ తలవంచుతాను. అయితే మబ్బుతెర తొలగి తామరలు విచ్చే ఆ ఉదయంలో హంసలు, సారసాలు, తుమ్మెదలు కావ్యాల వరుసలోనే వచ్చి కూస్తాయి. అద్దంకి సీమలో ఉన్న కవి అక్కడి చెరువు గట్టున విన్న పక్షి ఒక్కటైనా అందులో ఉందా? ఉంటే ఆ పద్యం చూపండి, నా మాట వెనక్కి తీసుకుంటాను.