దవడ కింద పొక్కుల్లో వెంట్రుక చుట్టుకుపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (కొత్త ఉద్యోగి)
అన్నలూ, నాకు 24. హోటల్లో ఫ్రంట్ ఆఫీసులో చేరి నాలుగు నెలలైంది, రోజూ క్లీన్ షేవ్ తప్పదు. నాది రింగుల గడ్డం. చేరిన రెండో వారం నుంచే దవడ కింద, మెడ మీద పొక్కులు, కాలర్ తగిలితే మంట. మొటిమలనుకున్నా. మొన్న అద్దంలో దగ్గరగా చూస్తే ఒక పొక్కులో చర్మం కిందే నల్లగా వెంట్రుక చుట్టుకుని కనిపించింది. పిన్నీసుతో గీకి పీకేశా, ఇప్పుడక్కడ శనగగింజంత గడ్డ. అయిదు బ్లేడ్ల రేజర్ కొన్నా, ఇంకా ఎక్కువైంది. ఎదురు కూడా గీయను, ఎప్పుడూ పైనుంచి కిందికే. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబ్ రాస్తే రెండ్రోజులు తగ్గి మళ్ళీ వస్తోంది.

జవాబు (రింగుల గడ్డం)
తమ్ముడూ, ముందు ఆ అయిదు బ్లేడ్లది పక్కన పడెయ్. ముందు బ్లేడు వెంట్రుకను పైకి లాగితే వెనకది కోస్తుంది, కోసిన మొన చర్మం లోపలికి జారిపోతుంది, రింగుల వెంట్రుక కాబట్టి తిన్నగా బయటికి రాక పక్కకే గుచ్చుకుంటుంది. నేనైతే ట్రిమ్మర్‌కి మారిపోయా, ఒక మిల్లీమీటరు ఉంచుతా. మా మేనేజర్ మొదట్లో మొహం చిట్లించాడు గానీ కౌంటర్ అవతలి నుంచి చూస్తే తేడా తెలియదు. షేవ్ తప్పదంటే స్నానం అయ్యాక, ఒకే బ్లేడుతో, చర్మం సాగదీయకుండా, వాలుకే గియ్యి. మెడ మీద ఆ వాలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, రెండ్రోజులు పెరగనిచ్చి వేలితో రాసి చూడు, ఎటు రాస్తే గరుగ్గా తగులుతుందో అది ఎదురు.

జవాబు (మందుల కౌంటర్)
ఫార్మసీలోనే పని చేస్తా కాబట్టి చెప్తున్నా, ఆ ట్యూబ్ మీద చిన్నక్షరాలు చదవండి. బీటామెథాసోన్ అనో క్లోబెటాసోల్ అనో ఉంటే అది స్టెరాయిడ్. ఎర్రదనం తగ్గుతుంది, కానీ వారాల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. చాలా రోజులుగా వాడుతుంటే ఎలా ఆపాలో కూడా స్కిన్ డాక్టర్‌నే అడగండి. ఆ గడ్డ చీము పట్టినా, పెద్దదవుతున్నా ఆగకుండా చూపించండి. పొక్కులకైతే 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ రాత్రిపూట పలచగా, అదీ షేవ్ చేసిన రోజు వద్దు, భగ్గుమంటుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ కూడా పని చేస్తుంది గానీ మా తమ్ముడు దాంతో మా అమ్మ కొత్త టవల్‌కి తెల్ల మచ్చలు తెచ్చాడు, పాతది వాడుకోండి. వెంట్రుక పీకొద్దు. గోరువెచ్చని గుడ్డ కాసేపు పెడితే కొన్నిసార్లు అదే పైకి వస్తుంది.

జవాబు (విజయవాడ అమ్మాయి)
ఆడవాళ్ళకీ ఇదే గోల, నాకు వాక్సింగ్ చేయించినప్పుడల్లా తొడల మీద ఇవే. చివరికి లేజర్‌కి వెళ్ళా. మొదటి క్లినిక్‌లో అమ్మాయి ఏం సెట్టింగ్ పెట్టిందో, కాలి మీద గోధుమరంగు చారలు ఆరు నెలలున్నాయి. మన చామనఛాయకి ఎన్‌డీ యాగ్ లేజర్ నయం అని తర్వాత డాక్టర్ చెప్పారు. ఒక్కసారితో అయిపోదు, ఆరేడు సిట్టింగులు.

కొత్త ఉద్యోగి
ట్యూబ్ చూశా, బీటామెథాసోనే. శనివారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా, కొన్ని వారాలు షేవ్ వద్దని రాసిస్తే ఆఫీసులో ఇస్తా. ఇంకోటి, వీకాఫ్ రెండ్రోజులు వదిలేసి వేలితో రాసి చూశా. మెడ కుడివైపు వెంట్రుకలు కింది నుంచి పైకి పెరుగుతున్నాయి. అంటే నాలుగు నెలలూ అక్కడ ఎదురే గీశానన్నమాట.