టమాటాకి రుచి తిరిగి తెచ్చేది ల్యాబా, పాత విత్తనమా?

మిద్దెతోట:
నిన్న టమాటా కోస్తే లోపల అరటిదూటలా తెల్లగా, గట్టిగా ఉంది. గుజ్జు లేదు, వాసన అసలే లేదు. పైకి మాత్రం నిగనిగలాడుతోంది. ఇప్పుడేమో జన్యుసవరణతో రుచి పెంచుతామంటున్నారు. పోగొట్టినవాళ్ళే మళ్ళీ తెచ్చిస్తామంటే నమ్మేదెలా? పాత రకాల గింజలు దాచుకుంటే చాలదా? ఈ జన్యువుల్ని కత్తిరించే క్రిస్పర్లు, జన్యువుల్ని గుర్తుపట్టే మార్కర్లు ఎందుకు?

పిపెట్ పట్టిన చెయ్యి:
నేను టమాటా బ్రీడింగ్ ల్యాబ్‌లోనే పనిచేస్తాను, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా. పోగొట్టింది ల్యాబ్ కాదండీ. పాత రకాల పచ్చికాయ చూడండి, తొడిమ చుట్టూ ముదురాకుపచ్చ టోపీ ఉంటుంది. ఇప్పటి రకాల్లో కాయంతా ఒకటే లేతాకుపచ్చ. టోపీ లేకపోతే రంగు సమంగా తిరుగుతుంది, కోత ఎప్పుడో తేల్చుకోవడం తేలిక. అందుకని సుమారు 70 ఏళ్ళు టోపీ లేని మొక్కలనే ఏరుకుంటూ వచ్చారు. ఆ ఏరివేతలో చెడిపోయింది జీఎల్‌కే2 అనే జన్యువని 2012లో తెలిసింది. కాయలో హరితరేణువులు పెరగడానికి అదే కారణం. అది సవ్యంగా ఉన్న కాయలో చక్కెరలూ ఎక్కువే, ఎరుపునిచ్చే లైకోపీనూ ఎక్కువే. ఇదంతా పొలంలో, కంటితో చూసి చేసిన పని.

గింజలసంచి:
పండులో చక్కెర చాలావరకు ఆకుల నుంచి వచ్చేదే. ఒక జన్యువు దొరకగానే కథంతా దాని నెత్తిన పెట్టేయడం మీ ల్యాబ్‌వాళ్ళకి అలవాటు. రిన్ అనే జన్యు మార్పు సంగతి కూడా చెప్పండి మరి. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు ప్రతులూ అదే వస్తే కాయ సరిగ్గా పండనే పండదు. ఒక్క ప్రతి పెట్టిన హైబ్రిడ్ నిదానంగా పండి ఎక్కువ రోజులు నిలవుంటుంది, రంగూ వాసనా తగ్గుతాయి. అది పొరపాటున జరిగింది కాదు, నిలవ కోసం తెలిసే పెట్టారు. ఇక 1994లో కాల్జీన్ కంపెనీ తెచ్చిన ఫ్లేవర్ సేవర్ పేరులోనే రుచి ఉంది. చేసిందల్లా కాయ మెత్తబడకుండా ఒక ఎంజైమ్‌ని అణచడమే. కొన్నేళ్ళకే మార్కెట్లోంచి మాయమైంది.

పిపెట్ పట్టిన చెయ్యి:
ఆకుల మాట నిజమే, ఒప్పుకుంటున్నా. రిన్ విషయంలోనూ మీదే పైచేయి.

కానీ పాత గింజ చాలదా అన్నదానికి నా జవాబు, చాలదు. సాగు టమాటాలో జన్యు వైవిధ్యం బాగా తక్కువ. ఆకుముడత వైరస్‌ని తట్టుకునే టీవై-1 చిలీ, పెరూ వైపు పెరిగే అడవి చుట్టం నుంచి వచ్చింది. వేరుముడుల నులిపురుగుని ఆపే ఎంఐ జన్యువు ఇంకో అడవి జాతిది (అదీ నేల 28 డిగ్రీలు దాటితే సరిగ్గా పనిచేయదు, అది వేరే గొడవ). అడవి జాతితో క్రాస్ చేస్తే కావలసిన జన్యువు ఒక్కటే రాదు. పక్కనున్న చెత్తంతా వెంట వస్తుంది. దాన్ని వదిలించడానికి తరం తరువాత తరం మళ్ళీ సాగు రకంతోనే కలుపుతూ (బ్యాక్‌క్రాస్) పోవాలి.

మార్కర్ పని అక్కడ. నారు లేతగా ఉన్నప్పుడే ఆకులోంచి గోరంత ముక్క తీసి 96 గుంటల ప్లేట్‌లో వేస్తాం. రెండు మూడు వందల మొక్కలు అయ్యేసరికి మా చేతివేళ్ళు పసరుతో నల్లబడిపోతాయి. సబ్బు పెడితే నురగ పసుపుపచ్చగా వస్తుంది. మర్నాటికల్లా ఏ మొక్కలో ఏ ముక్క ఉందో తెలిసిపోతుంది, మిగతావి పారేస్తాం. ఇందులో మొక్కకి పరాయి డీఎన్ఏ ఎక్కించేది ఏమీ లేదు, చదవడమే.

రుచి దగ్గర అసలు చిక్కు వేరే. కాయ పండేదాకా ఆగాలి, పైగా మనిషి నాలుక ఒక పూటలో ఎన్ని కాయలని చూస్తుంది? బరువుకి త్రాసుంది, గట్టిదనానికి మీటరుంది. రుచిని కొలవడం కష్టం కాబట్టే అది జాబితా చివరికి జారిపోయింది. 2017లో 398 రకాల జన్యుక్రమాలు చదివి, మనుషులకి రుచి చూపించి, వాసన ద్రవ్యాలు కొలిచి, ఏ రుచి ఏ జన్యువుల చోట ఉందో పట్టుకున్నారు.

గింజలసంచి:
ఆ 2017 పరిశోధనే ఇంకోటి కూడా చెప్పింది, కాయ పెద్దదయ్యేకొద్దీ చక్కెర తగ్గుతుందని. పండించేవాడికి డబ్బు తూకం మీద వస్తుంది. మీ చేతిలో ఎన్ని మార్కర్లున్నా, ఏరేది కొనేవాడు చెప్పినదాన్నే కదా?

పిపెట్ పట్టిన చెయ్యి:
అవును. దానికి నా దగ్గర జవాబు లేదు.
ఒకటి మాత్రం చెప్తా. టామ్‌లాక్స్‌సీ అనే జన్యువుకి వాసన పెంచే అరుదైన రూపం ఒకటుంది. 725 టమాటాలతో చేసిన పరిశీలన 2019లో వచ్చింది. చిన్న కాయల అడవి టమాటాల్లో ఆ రూపం దాదాపు 91 శాతానికి ఉంది. పాత సాగు రకాల్లో 2 శాతానికే ఉంది. ఇప్పటి రకాల్లో? 7 శాతం! పాతదంతా రుచి గనేం కాదు.

నేతిగరిటె:
మధ్యలో వస్తున్నా, జన్యుసవరణ టమాటా నిజంగా ఎక్కడైనా అమ్ముతున్నారా?

పిపెట్ పట్టిన చెయ్యి:
జపాన్‌లో 2021 నుంచి అమ్ముతున్నారు. క్రిస్పర్‌తో సొంత జన్యువులోనే చిన్న కోత పెట్టి గాబా అనే పదార్థం పెంచారు. అమెరికాలో 2024లో ఇంటితోటలవాళ్ళకి గింజలు అమ్మిన ఊదా టమాటా వేరు. అందులో స్నాప్‌డ్రాగన్ పువ్వు జన్యువులు చేర్చారు, అది జన్యుమార్పిడి. రెండూ రుచి కోసం చేసినవి కావు, ఆరోగ్యం పేరు మీద వచ్చినవి. తీపి కోసం చేసినది 2024 చివర్లో ప్రచురించారు. రెండు జన్యువులు ఆపేస్తే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ 30 శాతం దాకా పెరిగాయి, కాయ బరువు తగ్గలేదు. గింజలు మాత్రం తక్కువ, చిన్నవి.

గింజలసంచి:
తినేవాడికి అది లాభమే. గింజ దాచుకునేవాడి మాటేమిటి?

చల్లపెట్టె:
మీరిద్దరూ కొట్టుకుంటూనే ఉండండి. పండిన టమాటాని 5 డిగ్రీల చలిలో వారం ఉంచితే చక్కెర, పులుపు అలాగే ఉంటాయి, వాసన ద్రవ్యాలు పడిపోతాయి. బయట పెట్టినా పూర్తిగా తేరుకోవు. చలికి ఆ జన్యువుల మీద మిథైల్ అనే రసాయన గుర్తులు పడి అవి మూగబోతాయని 2016లో తేల్చారు. మిద్దెతోట గారూ, నిన్నటి కాయ ఎక్కడుంది?

మిద్దెతోట:
ఫ్రిజ్‌లో. ఆరు రోజులు 🙈 అయినా ఆ దూట ఫ్రిజ్ వల్ల వచ్చింది కాదుగా?

పిపెట్ పట్టిన చెయ్యి:
కాదు. కొంత రకాన్ని బట్టి ఉంటుంది. ఎండలు ముదిరినా, పొటాష్ చాలకపోయినా ఎక్కువవుతుంది. గింజలు దాచారా?

మిద్దెతోట:
లేదు. హైబ్రిడ్ కదా, దాచినా తల్లిలా రాదు.

గింజలసంచి:
రాదు కాబట్టే దాచమనేది! ఇరవై మొక్కలు పెంచండి, తలో రకంగా కాస్తాయి. మీ నాలుకకి నచ్చినదాని గింజలే ఎండబెట్టుకోండి.

పిపెట్ పట్టిన చెయ్యి:
పెంచితే ఆకుముడత ఎన్నిటికొచ్చిందో కూడా రాసిపెట్టండి. ఆ హైబ్రిడ్‌లో టీవై-1 ఒక్క ప్రతే ఉంటే నాలుగో వంతు పిల్లలకి అది అందదు. ఇరవైలో అయిదు అన్నమాట. ఆ అయిదులోనే రుచైనది ఉందనుకోండి, అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాం.