చవక రిస్క్-వీ బోర్డుకు మామూలు జీసీసీ చాలదా?

ల్యాబ్_మేడమ్:
నమస్తే అందరికీ. ఘట్‌కేసర్ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎంబెడెడ్ ల్యాబ్ చూస్తాను. పాత 8051 మైక్రోకంట్రోలర్ కిట్లు పక్కన పెట్టి సీహెచ్32వీ003 బోర్డులు (రిస్క్-వీ అనే ఓపెన్ ఇన్‌స్ట్రక్షన్ సెట్‌తో నడిచే చిన్న చిప్ ఉన్నవి) ఇద్దామని అనుకుంటున్నాం. చిప్ పది సెంట్ల బాపతు కాబట్టి ఒకటి కాలిపోయినా పిల్లల మీద అరవాల్సిన పని లేదు. 48 మెగాహెర్ట్జ్ వేగం, 16 కేబీ ఫ్లాష్, 2 కేబీ ర్యామ్. సిలబస్‌లో ఉన్నవాటికి ఇది ఎక్కువే.

చిక్కంతా కంపైలర్ దగ్గరే. చిప్ తయారీదారు ఐడీఈలో (కోడ్ రాసి కంపైల్ చేసే సాఫ్ట్‌వేర్) వాళ్ళు సొంతంగా మార్చుకున్న జీసీసీ (ఓపెన్ సోర్స్ సీ కంపైలర్) వస్తుంది. మా ల్యాబ్ మెషీన్లన్నీ ఉబుంటు. నాకు మామూలు జీసీసీ, ఒక మేక్‌ఫైల్ (బిల్డ్ ఆదేశాల ఫైల్) ఉంటే చాలు. కొత్త బోర్డుకు సపోర్ట్ కలపాలంటే జీసీసీ సోర్సులోకి దిగాలా? చేసినవాళ్ళు ఉంటే చెప్పండి.

రిజిస్టర్_పదహారు:
దిగక్కర్లేదు మేడమ్. కంపైలర్‌కు బోర్డు సంగతి తెలియదు, కోర్ సంగతే తెలుసు. ఇందులో ఉన్నది ఆర్‌వీ32ఈసీ. 'ఈ' అంటే రిజిస్టర్లు 32 బదులు 16. 'సీ' అంటే 16 బిట్లకు కుదించిన ఇన్‌స్ట్రక్షన్లు. రెండూ జీసీసీకి ఎప్పటినుంచో వచ్చు. మార్చ్ ఫ్లాగ్‌కు (ఏ రకం కోరో చెప్పేది) ఆర్‌వీ32ఈసీ, ఏబీఐ ఫ్లాగ్‌కు (ఫంక్షన్లు రిజిస్టర్లను ఎలా వాడుకోవాలో చెప్పేది) ఐఎల్‌పీ32ఈ ఇవ్వండి. జీసీసీ 12 నుంచి సీఎస్ఆర్ (కోర్ సెట్టింగులు ఉండే ప్రత్యేక రిజిస్టర్లు) ఇన్‌స్ట్రక్షన్లను విడి ఎక్స్‌టెన్షన్‌గా చూస్తున్నారు, కాబట్టి మార్చ్ చివర అండర్‌స్కోర్ పెట్టి జడ్ఐసీఎస్ఆర్ కూడా రాయాలి. నెట్‌లో దొరికే పాత మేక్‌ఫైళ్ళలో అది ఉండదు. స్టార్టప్ ఫైల్ (మెయిన్ కంటే ముందు నడిచే కోడ్) దగ్గరే అసెంబ్లర్ ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది.

అసలు తలనొప్పి లైబ్రరీలతో. ఈ కోర్‌లో గుణకారానికి ఇన్‌స్ట్రక్షన్ లేదు, భాగహారానికీ లేదు. సీలో రెండు వేరియబుల్స్‌ను గుణిస్తే కంపైలర్ జీసీసీతో వచ్చే లిబ్‌జీసీసీ అనే లైబ్రరీలోని ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఆ లిబ్‌జీసీసీ కూడా 16 రిజిస్టర్ల ఏబీఐకే కట్టి ఉండాలి. లేకపోతే ఆర్‌వీఈని ('ఈ' రకం కోర్ కోడ్‌ను) వేరే టార్గెట్‌తో కలపలేనని లింకర్ (కోడ్ ముక్కలను ఒక ప్రోగ్రామ్‌గా కలిపేది) మొండికేస్తుంది. ముందు మీ టూల్‌చైన్‌ను (కంపైలర్, లింకర్, లైబ్రరీల సెట్) ప్రింట్-మల్టీ-లిబ్ ఆప్షన్‌తో నడిపి, జాబితాలో ఐఎల్‌పీ32ఈ ఉందో లేదో చూడండి.

ల్యాబ్_మేడమ్:
లేదండీ. ఐఎల్‌పీ32 ఉంది, చివర 'ఈ' లేదు.

రిజిస్టర్_పదహారు:
అయితే రిస్క్-వీ జీఎన్‌యూ టూల్‌చైన్‌ను మీరే బిల్డ్ చేసుకోండి. కాన్ఫిగర్ చేసేటప్పుడే ఆర్‌వీ32ఈసీ, ఐఎల్‌పీ32ఈ ఇచ్చేస్తే ఆ ఒక్క కాంబినేషన్‌కే లైబ్రరీలు కడుతుంది. చిన్న ల్యాప్‌టాప్‌లో మొదలుపెట్టి భోంచేసి రండి. ఒక మెషీన్‌లో కట్టి, ఆ ఫోల్డర్‌ను మిగతావాటిలో అదే పాత్‌కు కాపీ చేస్తే చాలు. ప్రతి సిస్టమ్‌లోనూ కట్టక్కర్లేదు.

కోఠి_బ్రెడ్‌బోర్డ్:
హార్డ్‌వేర్ వైపు నుంచి ఒక మాట మేడమ్. బోర్డులతో పాటు ప్రోగ్రామర్ (చిప్‌లోకి కోడ్ ఎక్కించే పరికరం) కూడా కొనాలి, అందులో చివర 'ఈ' ఉన్న డబ్ల్యూసీహెచ్-లింక్ఈ అడగండి. 'ఈ' లేని పాత లింక్ ఈ చిప్‌కు పనికిరాదు. దీని డీబగ్ ఒకే వైరు, పీడీ1 పిన్ మీద. గుజరాతీ గల్లీలో ఒక షాపులో రెండూ ఒకటే అని చెప్పి పాతదే అంటగట్టారు నాకు. పైన ప్యాకింగ్ చూస్తే తేడా తెలియదు, బోర్డు మీద అచ్చేసిన పేరు చదివి తీసుకోండి.

లింకర్_లచ్చన్న:
పదహారు తమ్ముడు చెప్పింది కరెక్టే, కానీ అది సగమే. కంపైలర్ కోడ్ ఇచ్చేస్తుంది, బోర్డు మాత్రం లేవదు. కొత్త బోర్డుకు సపోర్ట్ అని మనం అనేదంతా లింకర్ స్క్రిప్ట్ (మెమరీలో ఏది ఎక్కడో చెప్పేది), స్టార్టప్ ఫైల్, ఇంటరప్ట్ టేబుల్ (ఏ ఇంటరప్ట్ వస్తే ఎక్కడికి వెళ్ళాలో చెప్పేది). ఈ మూడింటిలోనే ఉంది సరుకు.

లింకర్ స్క్రిప్ట్ తేలిక. ఫ్లాష్ 0 నుంచి 16 కే, ర్యామ్ హెక్సాలో 20000000 నుంచి 2 కే. స్టాక్‌ను ర్యామ్ పైకొసలో పెట్టండి. హీప్ (మాలాక్ మెమరీ తీసుకునే చోటు) పెట్టకండి, 2 కేబీలో మాలాక్ ఏం చేసుకుంటాం?

స్టార్టప్‌లో గ్లోబల్ పాయింటర్ (జీపీ రిజిస్టర్) లోడ్ చేసే లైను జాగ్రత్త. రిస్క్-వీ లింకర్‌కు రిలాక్సేషన్ అనే అలవాటు ఉంది. అడ్రస్ దగ్గర్లో ఉంటే రెండు ఇన్‌స్ట్రక్షన్లను జీపీ ఆధారంగా ఒకటిగా కుదిస్తుంది. జీపీనే లోడ్ చేసే చోట కూడా ఆ తెలివి చూపిస్తే, జీపీని జీపీలోకే కాపీ చేసే ఇన్‌స్ట్రక్షన్ మిగులుతుంది. ఇక అందులో ఎప్పటికీ చెత్తే. అందుకే ఆ లైను చుట్టూ నో-రిలాక్స్ ఆప్షన్ పెడతారు. వేరేచోటి నుంచి స్టార్టప్ కాపీ కొట్టేవాళ్ళు "ఇదేంటో" అని తీసేసేది సరిగ్గా ఆ లైనే.

ఇక ఇంటరప్ట్ టేబుల్. స్టాండర్డ్ రిస్క్-వీ వెక్టర్ మోడ్‌లో టేబుల్ నిండా జంప్ ఇన్‌స్ట్రక్షన్లు ఉంటాయి. ఈ చిప్‌లో టేబుల్‌లో నేరుగా ఫంక్షన్ అడ్రస్‌లు పెట్టుకునే మోడ్ కూడా ఉంది. దానికి ఎమ్‌టీవెక్ (టేబుల్ ఎక్కడుందో చెప్పే) రిజిస్టర్ కింది రెండు బిట్లూ 1 చేయాలి. టేబుల్‌లో అడ్రస్‌లు పెట్టి ఆ బిట్లు మరిచిపోతే, కోర్ మన అడ్రస్‌లనే ఇన్‌స్ట్రక్షన్లు అనుకుని నడపడానికి చూస్తుంది.

అంబర్‌పేట_అసెంబ్లీ:
లచ్చన్నా, ఇంటరప్ట్ దగ్గర ఇంకో గుంట ఉంది. తయారీదారు శాంపిల్ కోడ్‌లో హ్యాండ్లర్ (ఇంటరప్ట్ వస్తే నడిచే ఫంక్షన్) ముందు వాళ్ళ సొంత ఫాస్ట్ ఇంటరప్ట్ అట్రిబ్యూట్ ఉంటుంది. హ్యాండ్లర్‌లోకి వెళ్ళేటప్పుడు రిజిస్టర్లను హార్డ్‌వేరే స్టాక్‌లో పెట్టే సౌకర్యం ఉంది కాబట్టి, కంపైలర్ మళ్ళీ దాచకుండా ఉండేందుకు అది. జీసీసీని వాళ్ళు మార్చుకోవడానికి ఒక కారణం ఇదే. మామూలు జీసీసీకి ఆ పేరు తెలియదు. ఎర్రర్ ఇస్తే బాగుండేది. ఒక వార్నింగ్ పడేసి, ఆ అట్రిబ్యూట్‌నే వదిలేస్తుంది. అప్పుడు హ్యాండ్లర్ ఎమ్‌రెట్‌తో (ఇంటరప్ట్ నుంచి తిరిగొచ్చే ఇన్‌స్ట్రక్షన్) కాకుండా మామూలు రెట్‌తో ముగుస్తుంది. టైమర్ ఇంటరప్ట్ ఒక్కసారి వస్తుంది, ఎల్ఈడీ ఒక్కసారి మారుతుంది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు. పిల్లలు వార్నింగులు చదవరు, పెద్దలూ అంతే. ల్యాబ్ మేక్‌ఫైల్‌లో వార్నింగులన్నీ ఎర్రర్లుగా మార్చే ఫ్లాగ్ పెట్టేయండి మేడమ్.

ల్యాబ్_మేడమ్:
మరి ఆ హార్డ్‌వేర్ స్టాకింగ్ వాడుకోకుండా వదిలేయడమేనా? 48 మెగాహెర్ట్జ్ చిప్‌లో ఆ తేడా తెలుస్తుందా?

అంబర్‌పేట_అసెంబ్లీ:
వదిలేయండి. దాన్ని ఆన్ చేసేది హెక్సాలో 804 నంబరు సీఎస్ఆర్‌లో ఒక బిట్. స్టార్టప్‌లో ఆఫ్‌గా ఉంచి, హ్యాండ్లర్లకు స్టాండర్డ్ ఇంటరప్ట్ అట్రిబ్యూట్ పెట్టండి. ఐఎల్‌పీ32ఈలో కాలర్ దాచుకోవాల్సినవి 10 రిజిస్టర్లు. హ్యాండ్లర్ లోపల ఇంకో ఫంక్షన్‌ను పిలిస్తే జీసీసీ ఆ పదీ దాస్తుంది. పిలవకపోతే తను వాడిన రెండు మూడే దాస్తుంది. ఫ్లాగ్ క్లియర్ చేసి పిన్ తిప్పే చిన్న హ్యాండ్లర్‌కు సాఫ్ట్‌వేర్ పద్ధతే చవక. హార్డ్‌వేర్ స్టాకింగ్ గొప్ప అని ఊదరగొట్టేవాళ్ళలో డిస్‌అసెంబ్లీ తీసి చూసినవాళ్ళు తక్కువ.

ఈసీఐఎల్_పాతకాపు:
నేను చాలాకాలం ఎస్‌టీఎమ్8 బోర్డుల మీద ఎస్‌డీసీసీతో (చిన్న చిప్‌ల కోసం ఉన్న మరో సీ కంపైలర్) పనిచేశాను. అక్కడ జీసీసీ లేదు, ఎస్‌డీసీసీ ఎలా కోడ్ ఇస్తే అలా సర్దుకోవాలి. ఈ రోజుల్లో ఇంత చవక చిప్‌కు జీసీసీ దొరకడమే అదృష్టం. నాదొక అభ్యంతరం. ఆల్రెడీ సీహెచ్32ఫన్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఉంది. లింకర్ స్క్రిప్ట్, స్టార్టప్, రిజిస్టర్ల హెడర్ అన్నీ అందులోనే ఉన్నాయి, మామూలు జీసీసీతో కంపైల్ అవుతుంది. మళ్ళీ మొదటినుంచి రాయడం దేనికి మేడమ్?

ల్యాబ్_మేడమ్:
చూశాను సార్, బాగుంది. కానీ స్టార్టప్ ఫైల్ ఏం చేస్తుందో పిల్లలకు చెప్పాలన్నదే ఈ ల్యాబ్ ఉద్దేశం. రెడీమేడ్ ఇస్తే మెయిన్ దగ్గర మొదలుపెట్టి మెయిన్ దగ్గరే ఆగుతారు.

లింకర్_లచ్చన్న:
అలాగైతే మీ పిల్లలతో రాయించి, చివర్లో సీహెచ్32ఫన్‌లోని ఫైల్‌తో పోల్చి చూపించండి. రస్ట్ (మరో ప్రోగ్రామింగ్ భాష) అడిగే పిల్లాడు కూడా క్లాసుకొకడు ఉంటాడు. రస్ట్‌లో 'ఈ' రకం కోర్లకు టార్గెట్లు టయర్ 3లోనే (అన్నిటికన్నా తక్కువ సపోర్ట్ ఉండే స్థాయి) ఉన్నాయి, రెడీమేడ్ లైబ్రరీ రాదు, కోర్ లైబ్రరీని తనే బిల్డ్ చేసుకోవాలి. సెమిస్టర్ ప్రాజెక్ట్‌కు పంపేయండి.

రిజిస్టర్_పదహారు:
క్లాక్ సంగతి కూడా మేడమ్. రీసెట్ అయ్యాక లోపలి 24 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్‌ను 3తో భాగించి, అంటే 8 మెగాహెర్ట్జ్‌తో మొదలవుతుంది. 48 అనుకుని లెక్కేస్తే ఎల్ఈడీ ఆరింతలు నెమ్మదిగా వెలుగుతుంది, యూఆర్ట్‌లో (సీరియల్ పోర్ట్) చెత్త వస్తుంది. 48కి వెళ్ళేముందు ఫ్లాష్‌కు ఒక వెయిట్ స్టేట్ (చదివేటప్పుడు ఒక సైకిల్ ఆగడం) పెట్టాలి. ప్రింట్ఎఫ్‌కు న్యూలిబ్ నానో (చిన్న సీ లైబ్రరీ) వాడండి, వాడని కోడ్‌ను తీసేసే ఫంక్షన్ సెక్షన్లు, జీసీ-సెక్షన్స్ ఫ్లాగులు పెట్టండి. ఫ్లోట్ ప్రింటింగ్ మాత్రం వద్దే వద్దు, 16 కేబీలో అదే కూర్చుంటుంది. స్టాక్-యూసేజ్ ఫ్లాగ్ ఇస్తే ఏ ఫంక్షన్ ఎంత స్టాక్ తింటుందో ఫైల్‌లో రాసి ఇస్తుంది. ల్యాబ్ రికార్డులో ఆ పట్టిక రాయించండి.

కోఠి_బ్రెడ్‌బోర్డ్:
పిల్లల్లో ఎవరో ఒకరు పీడీ1ను మామూలు అవుట్‌పుట్ పిన్‌గా మార్చేస్తారు, అది గ్యారంటీ. తర్వాత ప్రోగ్రామర్‌కు చిప్ కనపడదు, టెన్షన్ పడి బోర్డు పోయిందంటారు. పోదు. మినీచ్‌లింక్ అనే ఫ్లాషింగ్ టూల్‌లో అన్‌బ్రిక్ ఆప్షన్ ఉంది. చిప్‌కు పవర్ ప్రోగ్రామర్ నుంచే ఇచ్చి అది నడపండి. పవర్ తీసి మళ్ళీ ఇచ్చి, యూజర్ కోడ్ పిన్‌ను లాక్కునేలోపు చిప్‌ను పట్టుకుని ఫ్లాష్ చెరిపేస్తుంది. ఆ సమయంలో బోర్డుకు వేరే యూఎస్‌బీ పవర్ తగిలించి ఉంటే మాత్రం పని కాదు, ఆ కేబుల్ ముందే పీకేయండి.